పిల్లల స్వారీని కిలోమీటర్లతో కొలవకండి

దూరపు దారుల గుర్రపు స్వారీలు ఏర్పాటు చేసే క్లబ్బుల నిర్వాహకులకు, స్వారీ బడుల యజమానులకు,

నమస్కారం.

మీ కార్యక్రమాల్లో ఈమధ్య కుటుంబ విభాగం అని ఒకటి కనిపిస్తోంది. పెద్దలు 30, 40 కిలోమీటర్లు వెళ్తారు. పిల్లలకు 12 కిలోమీటర్లో 15 కిలోమీటర్లో పెట్టి, పోనీలు అనే పొట్టి జాతి గుర్రాలెక్కించి అదే దారిలో వెనకాల పంపుతారు. పిల్లలు చిన్నప్పుడే గుర్రానికీ దారికీ అలవాటు పడాలన్న మీ కోరిక మంచిదే, మాదీ అదే. మా పేచీ కొలతతో. పెద్దల దూరాన్ని సగానికి కోస్తే పిల్లల స్వారీ అయిపోదు.

లెక్క చూడండి. భుజం దగ్గర 110 సెంటీమీటర్ల ఎత్తుండే పోనీ మామూలు నడకలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు వెళ్తుంది. 12 కిలోమీటర్లంటే జీను మీదే దాదాపు మూడు గంటలు. నీళ్ళకు, మూత్రానికి, తిండికి ఆగే సమయం కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. ఆరేళ్ళ పిల్ల ఇంట్లో కుర్చీలో కూడా అంతసేపు కూర్చోదు. పైగా జీను కదులుతుంది. అడుగడుక్కీ నడుము సర్దుకుంటూ ఉండాలి. బయటికి ఆ పిల్ల ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ, నడుమూ పొట్టా తొడల కండరాలూ ఒక్క నిమిషం ఖాళీగా ఉండవు.

అందుకే పిల్లల స్వారీని గంటల్లో రాయమంటున్నాం. మేం పాటించే పరిమితులు ఇవి. నాలుగేళ్ళ లోపు పిల్లలకు 15 నుంచి 20 నిమిషాలు, అదీ ఒకరు పోనీని పట్టుకుని, ఇంకొకరు పక్కన నడుస్తూ ఉంటేనే. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు 45 నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకు గంటన్నర, మధ్యలో ఒకసారి దిగి నడవాలి. ఎనిమిది దాటి, పోనీని తానే ఆపగలిగి, తిప్పగలిగి, కావాలనుకున్నచోట నిలబెట్టగలిగితే రెండున్నర, మూడు గంటలు. సగం రోజు స్వారీ పదేళ్ళు దాటాక. ఇవి శాసనాలు కావు. ఏడేళ్ళకే రెండు గంటలు హాయిగా వెళ్ళే పిల్లలున్నారు, పదకొండేళ్ళొచ్చినా గంటకే అలిసిపోయేవాళ్ళూ ఉన్నారు. కానీ కార్యక్రమం వేసేటప్పుడు గట్టి పిల్లలను చూసి గీత గీయకూడదు.

ఈ మాట అన్నప్పుడల్లా అమెరికా పిల్లలు అబర్నాతీ అన్నదమ్ముల సంగతి ఎవరో ఒకరు తెస్తారు. 1910లో పదేళ్ళ లూయీ, ఆరేళ్ళ టెంపుల్ పెద్దల తోడు లేకుండా ఓక్లహామా నుంచి న్యూయార్క్ దాకా గుర్రాల మీద వెళ్ళిన మాట నిజం. మరుసటి ఏడు న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 62 రోజుల్లో చేరిన మాటా నిజమే. మంగోలియాలో నాదం అనే పండుగ గుర్రపు పందేల్లో చిన్నపిల్లలు ఇరవై కిలోమీటర్లకు పైగా స్వారీ చేస్తారన్నదీ నిజమే. అయితే వాళ్ళు గుర్రాలతోనే పెరిగిన పిల్లలు, రోజూ జీనెక్కినవాళ్ళు. మీ పట్టికలో పేరు రాయించుకున్న పిల్ల వారానికొకసారి, కంచె వేసిన మైదానంలో, అరగంట ఎక్కుతుంది. ఇద్దర్నీ ఒకే తక్కెడలో వేయలేం. దూరపు స్వారీనే పోటీగా ఆడేవాళ్ళు కూడా తొందరపడరు. 1955లో అమెరికాలో మొదలైన టెవిస్ కప్ 160 కిలోమీటర్ల స్వారీలో 12 ఏళ్ళ లోపువాళ్ళకు చోటు లేదు. 1972లో ఏర్పడిన అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ అనే దూరపు స్వారీ సంస్థ నిబంధనల ప్రకారం 16 ఏళ్ళ లోపువాళ్ళు బాధ్యత తీసుకున్న ఒక పెద్దమనిషి పక్కనే స్వారీ చేయాలి, హెల్మెట్ తప్పనిసరి.

ఇక దారి ఆకారం. మీరిచ్చేది పొడుగాటి గీత: ఇక్కడ మొదలు, అక్కడ ముగింపు. ఆరో కిలోమీటరు దగ్గర పిల్ల అలిసిపోతే ముందుకెళ్ళినా ఆరు, వెనక్కొచ్చినా ఆరు. దాని బదులు పూలరేకుల్లాంటి దారులు వేయండి. మధ్యలో విడిది, దాని చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల చుట్లు మూడు. ఒక్కో చుట్టుకు అరగంట, ముప్పావు గంట. ప్రతి చుట్టు చివరా పిల్ల దిగుతుంది, నీళ్ళు తాగుతుంది, మళ్ళీ ఎక్కాలో వద్దో తేల్చుకుంటుంది. ఒక చుట్టు చేసి చాలన్నా అది పూర్తి స్వారీయే. చుట్టులో ఏ మూల నుంచైనా వాహనం చేరే చోటు కిలోమీటరున్నర లోపే ఉంటుంది. ఎత్తుపల్లాలూ వాగులూ ఉన్న చుట్టును మొదట పెట్టండి. చదును దారి చివరికి ఉంచండి. అలిసిన నడుముతో దిగువకు దిగడమే పిల్లలు ముందుకు జారిపోయే సందర్భం.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. పోనీ ఆకతాయి జీవి. రెండు చుట్లు తిరిగేసరికి విడిది ఎటుందో కనిపెట్టేస్తుంది, మూడోసారి ఆ మలుపు రాగానే ఇంటిదారి పట్టి పరుగందుకుంటుంది. దాణా బకెట్టు, దిగే చోటు ఒకేచోట ఉంచితే ఈ జబ్బు ఇంకా త్వరగా పట్టుకుంటుంది. కాబట్టి అప్పుడప్పుడు విడిదిని దాటి వంద మీటర్లు ముందుకు తీసుకెళ్ళి, వెనక్కి తిప్పి, అప్పుడు దించండి. దాణా దిగగానే పెట్టవద్దు, జీను విప్పాక పెట్టండి.

పోనీ ఎంపికలో జరిగే మొదటి పొరపాటు చిన్న పిల్లకు చిన్న వయసు పోనీని జత చేయడం. ఇద్దరూ కలిసి నేర్చుకుంటారనడం వినడానికి బాగుంటుంది. ఇద్దరిలో ఒకరికైనా పని తెలిసుండాలి కదా! పది నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసుండి, దారిలో సైకిల్, కుక్క, ఎగిరే ప్లాస్టిక్ సంచి అన్నీ చూసేసిన పోనీ కావాలి. ఐదేళ్ళ లోపుదాన్ని దూరానికి అసలు తేకండి. రెండో పొరపాటు వెడల్పు. గుండ్రటి, లావాటి పోనీ ముద్దుగా ఉంటుంది గానీ ఐదేళ్ళ పిల్ల తొడలు దాని మీద బల్లమీద చాపినట్టు విడిపోతాయి. కాళ్ళు కిందికి వేలాడవు, పట్టు దొరకదు. అరగంటకే తుంటి కీళ్ళు నొప్పెడతాయి. సన్నటి పోనీ ఒక పిడికిలి ఎత్తు ఎక్కువున్నా ఫరవాలేదు.

మూడోది బరువు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, పోనీ కొద్దీ బరువు. తూకం యంత్రం లేకపోయినా కొలతటేపు చాలు. మూపు వెనక నుంచి రొమ్ము చుట్టూ కొలత తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరిదాకా పొడవు తీసుకోండి. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్ళీ పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా వస్తుంది. చుట్టుకొలత 130, పొడవు 120 ఉంటే 171 కిలోలు. పోనీ మోసేది తన బరువులో 20 శాతం దాటకూడదన్నది పాత లెక్క. గంటల తరబడి నడిపించే దారికి మేం 15 శాతం దగ్గరే ఆగుతాం. ఈ పోనీకి అది 25 కిలోల పైన కాస్త. ఆరేళ్ళ పిల్ల 20 కిలోలు, జీను 4, హెల్మెట్టూ బూట్లూ బట్టలూ కలిపి 2. మొత్తం 26. అంటే అప్పటికే గీతను కాస్త దాటాం. పక్క సంచుల్లో రెండు లీటర్ల నీళ్ళు, తిండి, గొడుగు పెట్టే చోటు లేదు. అవి పెద్దవాళ్ళ గుర్రం మోయాలి. లావెక్కిన పోనీకి బరువు ఎక్కువ చూపిస్తుంది కదా అని మొయ్యమనకండి. దాని కొవ్వే దానికి ఒక మోత.

జీను సరంజామా గురించి కాస్త ఎక్కువే రాయాల్సి ఉంది, ఎందుకంటే మేం దారిలో సరిచేసేవాటిలో సగం ఇక్కడివే. గుండ్రటి వీపున్న పోనీకి మూపు ఎత్తుగా ఉండదు. అందుచేత జీను దిగువకు దిగేటప్పుడు మెడ మీదికి, పిల్ల పక్కకు ఒరిగితే పొట్ట కిందికి జారుతుంది. తోక కింద నుంచి వచ్చే తోకపట్టీ జీను ముందుకు జారకుండా ఆపుతుంది. ఎత్తులెక్కే దారైతే రొమ్ముపట్టీ కూడా. తోకపట్టీకీ వీపుకూ మధ్య అరచేయి వెడల్పు సందు ఉండాలి. బిగిస్తే తోక కింద ఒరుసుకుంటుంది, పోనీ ఎగిరి తంతుంది. తోకపట్టీ ఎన్నడూ ఎరగని పోనీకి స్వారీ రోజున తగిలించడం ఆపదను కొని తెచ్చుకోవడమే. నాలుగు రోజుల ముందు నుంచి ఖాళీ జీనుతో అలవాటు చేయండి.

పొట్టపట్టీ బిగించేటప్పుడు పోనీలు గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తాయి. ఎక్కేముందు ఒకసారి, ఎక్కిన ఐదు పది నిమిషాలకు రెండోసారి, ప్రతి దిగుడుకు ముందు మళ్ళీ చూడాలి. పట్టీ కింద చర్మం మడత పడకుండా ముందు కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి ముందుకు లాగండి. లేకపోతే ఆ మడతే సాయంత్రానికి పుండు. జీను కింది గుడ్డను మూపు దగ్గర కాస్త పైకి ఎత్తి గాలి సందు వదలండి. స్వారీ అయ్యాక జీను తీసి వీపు చూడండి. అంతటా చెమట తడి ఉండి ఒకచోట అరచేయంత పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతోందని అర్థం. ఎప్పుడూ ఒకే పక్క పొడిగా ఉంటే జీనును తప్పుపట్టే ముందు పిల్ల ఒక పక్కకు వాలి కూర్చుంటోందేమో చూడండి. చాలాసార్లు కారణం రికాబుల్లో, అంటే పాదాలు పెట్టే వలయాల్లో, దొరుకుతుంది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

రికాబులంటారా, పెద్దల రికాబు పిల్లలకు ఉరి లాంటిది. చిన్న పాదం మడమదాకా దూరిపోతుంది. పడినప్పుడు బయటికి రాదు. బూటు వెడల్పు కంటే రికాబు లోపలి వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువుండాలి, అంతకంటే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. బయటి వైపు రబ్బరు పట్టీ ఉండే భద్రతా రికాబులో, ముందు భాగానికి బుట్టలాంటి తొడుగు ఉన్నవో వాడండి. రబ్బరు పట్టీ రికాబును కొందరు తెలియక తిప్పి వేస్తారు. పట్టీ పోనీ వైపుకు వస్తే అది ఊడదు, ఉండీ దండగ. ఎండకు రబ్బరు పగుళ్ళు తేలుతుంది, జేబులో రెండు పట్టీలు అదనంగా ఉంచుకోండి. రికాబు తోలు పొట్టి చేయడం కుదరక పిల్ల పాదాన్ని తోలుపట్టీల మధ్య దూర్చేవాళ్ళున్నారు. ఆ పని ఒక్క నిమిషానికి కూడా చేయవద్దు. రికాబు లేకుండా కాళ్ళు వేలాడేసినా దానికంటే వెయ్యిరెట్లు నయం. పిల్లకు మడమ ఉన్న బూటు కావాలి, గాట్లున్న పరుగు బూట్లు రికాబులో ఇరుక్కుంటాయి. పిల్లను జీనుకు కట్టేయడం గురించి ఒక వాక్యం కూడా ఎక్కువే. పోనీ పడితే పిల్ల దాని కింద ఉంటుంది. పసిపిల్లను ముందు కూర్చోబెట్టుకుని పెద్దవాళ్ళు స్వారీ చేయడం కూడా అంతే, పడేటప్పుడు పెద్ద ఒళ్ళు చిన్న ఒంటి మీదే పడుతుంది.

పోనీ తలకు ముందుగా హాల్టర్, అంటే నోటి ఇనుము లేని తలపట్టీ, దాని మీద కళ్ళెం. పట్టుకుని నడిపే తాడును హాల్టర్‌కే కట్టాలి, నోటి ఇనుముకు కాదు. ఆరేళ్ళ లోపు పిల్లల పగ్గాలు కూడా హాల్టర్ పక్క వలయాలకే ఉంటే మంచిది. తూలిన ప్రతిసారీ పిల్ల పగ్గాలతోనే నిలదొక్కుకుంటుంది. నోట్లో ఇనుముంటే ఆ కుదుపంతా పోనీ దవడకు తగులుతుంది. అరగంట ఓర్చుకుంటుంది, తరవాత తల విదిలిస్తుంది, చివరికి కదలనని నిలబడిపోతుంది. అప్పుడు దాన్ని మొండిదంటాం! తూలినప్పుడు పట్టుకోవడానికి పోనీ మెడ చుట్టూ ఒక మెడపట్టీ వదులుగా కట్టి, అది ఎక్కడుందో పిల్లకు చూపించండి. పగ్గాలు పొడుగైతే మధ్యలో ముడి వేయండి. కిందికి వేలాడే వలయంలోకి పిల్ల పాదం వెళ్తుంది.

పచ్చగడ్డి కనిపిస్తే పోనీ తల ఠక్కున కిందికి పోతుంది, వెనకాలే పిల్ల మెడ మీదుగా దొర్లుతుంది. పిల్ల బలంతో ఆ తలను ఆపడం కుదరదు. జీను ముందు వలయం నుంచి నుదుటి పట్టీ మీదుగా తలకు వెళ్ళే గడ్డిపగ్గం అందుకే. తల మామూలు ఎత్తులో ఉన్నప్పుడు అది వదులుగా ఉండాలి, నేలకు వంగబోతే ఆపాలి. నీళ్ళ దగ్గర, నిటారు ఎక్కుళ్ళ దగ్గర మాత్రం దాన్ని విప్పాల్సిందే. తల వంచలేని పోనీ నీళ్ళు తాగదు, ఎక్కుడులో తూకమూ నిలుపుకోలేదు.

నడిపే మనిషికి రెండున్నర నుంచి మూడు మీటర్ల తాడు. మిగిలిన తాడును చేతిలో మడతలుగా పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. పోనీ భుజం పక్కన నడవాలి, ముందు నడుస్తూ వెనక్కి చూస్తే పోనీ ఆగిపోతుంది. గుర్రం మీద కూర్చుని పక్కన పోనీని నడిపించేవాళ్ళు ఇంకా జాగ్రత్త పడాలి. పోనీ తల నడిపే మనిషి మోకాలి దగ్గర ఉండాలి. వెనకబడి గుర్రం తుంటి దాకా వస్తే, ఆ గుర్రం ఒక తన్ను తంతే పిల్ల మోకాలు పోతుంది. తాడు గుర్రం తోక కిందికి వెళ్తే అది తోక బిగించి ఎగురుతుంది. తాడు జీనుకు ముడి వేయవద్దు, అవసరమైతే వదిలేయగలగాలి. పిల్లను ఎక్కించకముందు ఆ గుర్రమూ ఆ పోనీ ఖాళీ జీనుతో మూడు నాలుగు సార్లు అలా తిరిగి ఉండాలి. ప్రతి పిల్లకూ ఒక పెద్ద మనిషి. ఒకరు ఇద్దరు పిల్లలను చూసుకుంటామంటే పేరు రాయకండి.

హెల్మెట్ గురించి తల్లిదండ్రులకు మీరు గట్టిగా చెప్పాలి. సైకిల్ హెల్మెట్ పనికిరాదు, స్వారీ కోసం పరీక్షించి ముద్ర వేసింది కావాలి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన నిలవాలి. గడ్డం పట్టీ కట్టకుండా తల అటూ ఇటూ ఊపినా చర్మంతో పాటే కదలాలి. వచ్చే ఏడాదికి సరిపోతుందని పెద్దది కొంటే అది కళ్ళ మీదికి జారుతుంది. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారేయాల్సిందే. వీపుకు సంచి తగిలించవద్దు, వెల్లకిలా పడితే వెన్నుకు రాయిలా అడ్డం పడుతుంది. నోట్లో చాక్లెట్, చూయింగ్ గమ్ వద్దు. లోతొడ మీద లావాటి కుట్టున్న జీన్స్ బదులు మెత్తటి సాగే పంట్లాం వేయమనండి, గంట దాటిన స్వారీల్లో పిల్లలు ఏడ్చేది చాలావరకు ఒరుపు పుండ్లకే. ఇక కోటు. జీను మీద కూర్చుని కోటు వేసుకోవడం, విప్పడం చేయనివ్వవద్దు. రెండు చేతులూ వెనక చిక్కుకున్న ఆ క్షణంలోనే గరగరమనే బట్టకు పోనీ బెదురుతుంది. దించి, వేసి, పోనీకి వాసన చూపించి, మళ్ళీ ఎక్కించండి.

చలి విషయంలో నడిపే పెద్దలు తరచూ మోసపోతారు. తాము కాలినడకన చెమటలు కారుతూ వెళ్తుంటారు. పిల్ల పైన కదలకుండా గాలికి కూర్చుంటుంది, చిన్న ఒళ్ళు వేడిని తొందరగా పోగొట్టుకుంటుంది. మీకు వెచ్చగా ఉందంటే పిల్లకూ ఉన్నట్టు కాదు, అరగంటకోసారి చేతులూ పాదాలూ ముట్టుకుని చూడండి. ఎండలో ఇదే లెక్క తిరగబడుతుంది. హెల్మెట్ కింద తల కాగిపోతుంది, పిల్ల అడగదు. ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు మీరే తాగించండి. మూత్రానికి గంటకొకసారి, అడిగినా అడక్కపోయినా దించండి.

అలసట మాటల్లో రాదు. గలగలా మాట్లాడే పిల్ల మూగపోతే అదే మొదటి గుర్తు. తరవాత జీను ముందు అంచు పట్టుకుంటుంది, మడమలు పైకి లేస్తాయి, హెల్మెట్ ముందుకు వాలుతుంది. కడుపులో చల్ల కదలని నడకకు చిన్నపిల్లలు నిజంగానే నిద్రపోతారు. జీను మీద నిద్రపోయిన పిల్లను చూసి ఫొటో తీయకండి, దించండి. అసలు ఆ అలసట వచ్చే ముందే స్వారీ ముగియాలి. ఇంకో చుట్టు వెళ్దామా అని పిల్ల అడుగుతున్నప్పుడు ఇక చాలని ఆపేయడం కష్టమే గానీ, పిల్ల మళ్ళీ వారం ఎదురుచూసేది ఆ ఆపిన చుట్టు కోసమే.

వరుస ఎలా ఉండాలంటే, ముందు నిదానమైన, దారెరిగిన గుర్రం, దాని వెనక పిల్లల పోనీలు, చివర మరో పెద్ద. గుర్రానికీ గుర్రానికీ మధ్య ఒక గుర్రం పొడవు, అంటే రెండున్నర మీటర్లు. ముందున్న గుర్రం కాళ్ళు పొడుగైతే పోనీ దాన్ని అందుకోవడానికి ఆగి ఆగి ట్రాట్ (కుదుపుల చిన్న పరుగు) చేస్తుంది, పిల్ల గంటసేపు బియ్యపు మూటలా ఎగురుతుంది. నడక వేగం నిర్ణయించాల్సింది అందరికంటే పొట్టి పోనీ. వాగు దాటాక చివరి పోనీ గట్టెక్కేదాకా అందరూ నిలబడాలి. ముందువి కదిలితే వెనకది గట్టు మీదికి ఒక్క దూకు దూకుతుంది. నీళ్ళలోనూ ఇసుకలోనూ పోనీ ముందుకాలితో దువ్వడం మొదలుపెట్టిందంటే పడుకోబోతోందని అర్థం. దువ్వనిచ్చి నవ్వుతూ చూస్తే మరుక్షణం మోకాళ్ళు వంచుతుంది. వెంటనే తల ఎత్తించి ముందుకు నడిపించాలి.

పిల్ల పడితే ఏం చేయాలో ముందే పంచుకోండి. తాడు పట్టుకున్న మనిషి పని పోనీని కదలకుండా ఆపడం, పక్క మనిషి పని పిల్ల. వరుసంతా నిలబడాలి, ఎవరూ గుర్రాన్ని పరుగెత్తించి దగ్గరికి రాకూడదు. పడగానే మళ్ళీ ఎక్కాలన్న పాత మాట వదిలేయండి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు స్వారీ లేదు, డాక్టరుకు చూపించాలి. వాంతి, మత్తు, అడిగిందే అడగడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ఆపదలో దిగడం మాత్రం మొదటి రోజు నుంచే ఆటలా నేర్పండి: రెండు పాదాలూ రికాబుల్లోంచి తీయి, ముందుకు వంగు, కాలు తిప్పు, జారు. ఎడమ వైపూ కుడి వైపూ రెండూ రావాలి, ఎందుకంటే లోయ అంచు దారిలో కొండ వైపుకే దిగాలి.

పోనీని కూడా పరీక్షించి పంపండి. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిలో నిమిషానికి 40 అటూ ఇటూ ఉంటుంది. పోటీ స్వారీల్లో తరచుగా 64కు దిగాలంటారు. పిల్లతో నడిచొచ్చిన పోనీ పది నిమిషాల్లో 60 లోపుకు దిగకపోతే రెండో చుట్టుకు వద్దు, ఎక్కడో నొప్పో ఎండదెబ్బో ఉంది. చిగురును వేలితో నొక్కితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. వారమంతా కట్టేసి నిండుగా దాణా పెట్టి ఆదివారం ఒక్కసారిగా బయటికి తీస్తే తొడ కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి. కాబట్టి ఖాళీ రోజుల్లో దాణా తగ్గించాలి, స్వారీలో మొదటి ఇరవై నిమిషాలు నడకే. విడిదిలో పచ్చటి మేత మీద గంటల తరబడి వదలకండి, లావు పోనీలకు డెక్కల వాపు అక్కడే మొదలవుతుంది. వేడెక్కిన పోనీకి నీళ్ళు పెట్టకూడదన్నది తప్పు, దొరికిన ప్రతిచోటా తాగనివ్వండి.

చివరగా మీ వల్లే జరిగే పనులు నాలుగు. పిల్లలను పెద్దల కంటే అరగంట ముందు బయలుదేరనివ్వండి, లేదా వాళ్ళంతా వెళ్ళిపోయాక. పక్క నుంచి గుర్రాలు దౌడు తీస్తే ఏ పోనీ ఊరుకోదు. పిల్లల విభాగంలో గడియారం, ర్యాంకు తీసేయండి. బహుమతి ఇవ్వాలనిపిస్తే స్వారీ తరవాత వీపు శుభ్రంగా, గుండె వేగం తక్కువగా ఉన్న పోనీని తెచ్చిన పిల్లకు ఇవ్వండి. నమోదు పత్రంలో పిల్ల వయసుతో పాటు ఆమె ఇంతవరకు ఒకేసారి జీను మీద గడిపిన అత్యధిక సమయం అడగండి, మీ స్వారీ దానికి పావు గంటకు మించి ఎక్కువుంటే చిన్న చుట్టుకు మార్చండి. సమయం పెంచిన రోజున దారి కష్టం పెంచవద్దు, దారి కష్టమైన రోజున సమయం పెంచవద్దు. పత్రం కింద ఇంకో గడి కూడా గీయండి: నడిపే పెద్ద మనిషి పేరు. అది ఖాళీగా ఉంటే ఆ పోనీకి జీను వేయకండి.

ఇట్లు,
దూరపు దారుల్లో పిల్లల వెంట నడిచే శిక్షకులు, దారి చూపేవాళ్ళు